సెల్‌ఫోను కొనబోయే విద్యార్థికి

తెలుగు పాఠం చెప్పే ఉపన్యాసకుడు వార్షిక సంచికకు వ్యాసమివ్వాలంటే పోతన భక్తితత్త్వం గురించో, గురజాడ సంఘసంస్కరణ దృష్టి గురించో వ్రాయడం రివాజు. ఈసారి ఆ రివాజును ప్రక్కన పెట్టి అంగడి విషయం ఒకటి ఎత్తుకుంటున్నాను. కళాశాల రుసుము తరువాత మన విద్యార్థుల ఇళ్లలో చదువు పేరిట జరిగే అతి పెద్ద ఖర్చు నేడు పుస్తకాలపై కాదు, సెల్‌ఫోనుపై జరుగుతున్నది. హాల్‌టికెట్టు అందులోనే వస్తున్నది, పరీక్షా ఫలితం అందులోనే వస్తున్నది, ఉపకారవేతనపు దరఖాస్తుకు ప్రాణమైన ఓటీపీ అందులోనే వస్తున్నది. అంతటి వస్తువును ఎన్నుకోవడంలో మనవారు చూపుతున్న శ్రద్ధ, పండుగకు షేర్వానీ గుడ్డ ఎన్నుకొనేటప్పుడు చూపే శ్రద్ధలో సగమైనా లేదని నా అభిప్రాయం. గుడ్డనైతే కనీసం వేళ్ల మధ్య నలిపి చూస్తాము.

మనలో సాధారణంగా నడుస్తున్న క్రమం ఇది. ముందు ఫోను, అందునా దాని వెనుకనున్న కెమెరాల సంఖ్య. పిదప వాయిదాల పద్ధతి. ఆ పిదప స్నేహితునికి ఏ కంపెనీ సిమ్ము ఉంటే అదే సిమ్ము. చిట్టచివర దుకాణంవాడు చెప్పిన రీఛార్జి. ఈ క్రమం పూర్తిగా తలక్రిందులైనది. మనం నివసించే చోట, చదివే చోట ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో ముందుగా తేల్చుకోవాలి. తరువాత మన అవసరానికి తగిన ప్లాను చూసుకోవాలి. ఆ రెండూ తేలిన తరువాతనే ఫోను.

కొంత పూర్వచరిత్ర ఇక్కడ అవసరం. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్స్ నుండి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజులలో పిలిచినవారే కాదు, పలికినవారు కూడా నిమిషాల లెక్కన చెల్లించవలసి ఉండేది. వచ్చిన కాల్‌కు డబ్బు కట్టే ఆ బాధ 2003లో గాని తీరలేదు. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం చేసి నెలల తరబడి ఉచితంగా డేటా పంచిపెట్టిన తరువాత దేశమంతటా ధరలు కుప్పకూలినవి. ధరలతో పాటు కంపెనీలు కూడా కూలినవి. ఎయిర్‌సెల్, టెలినార్, టాటా డొకోమో అనే పేర్లు నేటి విద్యార్థికి తెలియనే తెలియవు. వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటైనవి. ఇప్పుడు మన ముందున్నవి మూడు ప్రైవేటు కంపెనీలు, ప్రభుత్వ రంగంలోని బీఎస్‌ఎన్‌ఎల్. అంగడిలో దుకాణాలు తగ్గినప్పుడు బేరం అమ్మేవాని చేతికి పోతుంది. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచడమే ఇందుకు నిదర్శనం. కనుక కొనేవాడు లెక్క నేర్వక తప్పదు.

మొదట సిగ్నల్ సంగతి. మన విద్యార్థులలో అధికసంఖ్యాకులు పాతబస్తీ ఇరుకు సందులలో, మందపాటి గోడల మధ్య, క్రింది అంతస్తు గదులలో ఉంటున్నారు. 5జి సేవలకు విరివిగా వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు వేగాన్ని మోయగలవు గాని, అటువంటి గోడలను దాటడంలో బలహీనమైనవి. 700, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు లోపలి గది దాకా చొచ్చుకొని వస్తాయి. ప్రధాన రహదారి మీద ఫోను చూపే వేగానికి, మీరు కూర్చొని చదివే గదిలోని వేగానికి పొంతన లేకపోవడానికి ఇదే కారణం. పత్రికలోని పూర్తి పేజీ ప్రకటన మీ గది గోడను ఎరుగదు. ఇంటికి వచ్చిన మేనమామ ఫోను, ప్రక్కింటి బాయి ఫోను అడిగి తీసుకొని, రాత్రి తొమ్మిది గంటల వేళ, వీధి అంతా సెల్‌ఫోనులో మునిగి ఉన్నప్పుడు, మీరు చదువుకొనే మూల నుండి ఒక పాఠం తెరచి చూడండి. అదే పరీక్ష తరగతి గదిలో, హాస్టలులో, సెలవులకు వెళ్లే ఊరిలో కూడా జరపండి. ఒక్క పైసా ఖర్చులేని పరిశోధన ఇది.

ఇప్పటికే ఉన్న కంపెనీ పనికిరాదని తేలితే నంబరు మార్చుకోనక్కరలేదు. 2011 జనవరి 20 నుండి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు మనకున్నది. పోర్ట్ అనే మాటను ఆంగ్లాక్షరాలలో వ్రాసి, కొంత ఖాళీ విడిచి, మీ పది అంకెల నంబరు చేర్చి 1900కు సందేశం పంపితే ఒక కోడు వస్తుంది. అది సాధారణంగా నాలుగు రోజులు చెల్లుతుంది. దానితో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లడమే. ఉన్న కంపెనీలో చేరి 90 రోజులు గడచి ఉండాలన్న నియమం మాత్రం మరువరాదు. రాష్ట్రం 2014లో రెండైనా మొబైల్ లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకే సర్కిలు. కర్నూలు నుండి వచ్చి ఇక్కడ చదువుకొనే విద్యార్థికి ఈ విషయంలో సరిహద్దు లేదు.

ఇక ప్లాను. ఇక్కడ అంకగణితం కావాలి. కంపెనీలు నెల అని మన చేత అనిపించే కాలం తరచుగా 28 రోజులు మాత్రమే. 28ని 13తో హెచ్చవేస్తే 364. అనగా సంవత్సరానికి పన్నెండు కాదు, పదమూడు మార్లు రీఛార్జి చేయవలసి వస్తుంది. 2024 జూలైలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్లాను 239 రూపాయల నుండి 299 రూపాయలకు పెరిగినది, ఇంచుమించు నాలుగో వంతు. ఆ ధరకు పన్నెండు మార్లయితే 3588 రూపాయలు, పదమూడు మార్లయితే 3887. ఆ పదమూడో రీఛార్జి మనకు కనబడకుండా మన జేబులో నుండి వెళ్లే సొమ్ము. ఈ తంతును గమనించియే నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన పునరుద్ధరించుకొనే ప్లాను ఒకటి అయినా ఉంచాలని ఆదేశించినది. అటువంటివి ఉన్నవి గాని, దుకాణంవాడు వాటిని తనంతట తాను చూపడు. అడగాలి. రెండు ప్లాన్లను పోల్చేటప్పుడు ధరను రోజులతో భాగించి చూడాలి. పదో తరగతి లెక్క కూడా కాదిది.

రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అనే కోటా అర్ధరాత్రితో ముగిసిపోతుంది. మిగిలినది మరునాటికి రాదు. పగలంతా తరగతిలో ఉండే విద్యార్థి ఆ మిగులును రాత్రి పదకొండు గంటలకు ‘పాడవుతుంది కదా’ అని రీళ్లు చూస్తూ ఖర్చు చేయడం నేను ఎరుగుదును. డబ్బు మిగల్చడానికని నిద్రను ఖర్చుపెట్టడం విచిత్రమైన పొదుపు. మరొక మాట. 2024 జూలై మార్పులతో జియో, ఎయిర్‌టెల్ రెండూ అపరిమిత 5జిని రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లకే పరిమితం చేసినవి. 5జి ఫోను కోసం నాలుగైదు వేలు అదనంగా పోసి, చిన్న ప్లాను వేసుకొని, ఆ 5జి ఎక్కడికి పోయిందని వెదికేవారు నిబంధన చదవనివారే.

ఇంట్లో అమ్మకు, దాదీకి డేటా ప్లాను వేయడం కూడా అనాలోచితమైన ఖర్చే. 2024 డిసెంబరులో ట్రాయ్ మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్లాన్లు తప్పక ఉంచాలని నిబంధన చేసినది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని విడుదల చేసినవి. ఒక ఇంటి రీఛార్జిలన్నీ ఒక కాగితం మీద వ్రాసి చూస్తే కొడుకు ప్లానుకు కావలసిన డబ్బు దాదీ ప్లానులో దొరకవచ్చు.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్న బరువుగా ఉన్న విషయానికి వస్తాను. రెండేళ్ల క్రితం మా డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థిని ఒకామె ఉపకారవేతనపు దరఖాస్తు పూర్తి చేయలేక స్టాఫ్‌రూము గుమ్మం వద్ద నిలబడినది. ఆమె ఆధార్‌కు జతపరచిన నంబరు పెద్దన్నది. అతడు ఉద్యోగరీత్యా దుబాయి వెళ్లిన తరువాత ఆ సిమ్ముకు రీఛార్జి చేసినవారు లేరు, నంబరు రద్దయినది. ఓటీపీ పంపామని తెర మీద కనబడుతున్నది, అది ఎవరికి చేరుతున్నదో ఎవరికీ తెలియదు. ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగి కొత్త నంబరు జతపరచే లోపల గడువు ముగిసినది. ఆ సంవత్సరపు రుసుము ఆమె తల్లి చెవి కమ్మలు అమ్మి కట్టినది. వాడకం లేక 90 రోజులు గడచిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన నంబరును మరి 90 రోజుల తరువాత వేరొకరికి ఇవ్వవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల నిల్వ ఉంచితే నంబరు రద్దు కాకుండా నిలుపుకొనే వీలున్నది. ఈ మూడు వాక్యాలు ప్రతి ఇంట తెలిసి ఉంటే ఆ కమ్మలు ఆమె తల్లి చెవులకే ఉండేవి.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకొనే మొబైలు ఉన్న స్త్రీలు 54 శాతం మాత్రమే. మన ఇళ్లలో అన్నకు ఇరవై వేల ఫోను, చెల్లెలికి అన్న విడిచిన పగిలిన ఫోను, అది కూడా అన్న పేరిటి సిమ్ముతో, అన్నది అరుదైన దృశ్యం కాదు. అమ్మాయి చేతికి ఫోనిస్తే చెడిపోతుందనే భయాన్ని నేను పరిహసించను, ఆ భయం వెనుక ప్రేమ ఉన్నదని నాకు తెలుసు. కాని ఆమె పరీక్ష, ఆమె వేతనం, ఆమె బ్యాంకు ఖాతా ఒక నంబరుకు కట్టుబడి ఉన్నప్పుడు ఆ నంబరు ఆమె పేరిట, ఆమె చేతిలో ఉండడం న్యాయం. తల్లిదండ్రులు ఫోను ధరలో కోత పెట్టదలిస్తే అన్న ఫోనులోనే పెట్టనివ్వండి.

ఫోను సంగతి త్వరగా ముగిస్తాను, దుకాణంలో దాని గురించి చెప్పేవారికి కొదవలేదు గనుక. వారు చెప్పనిది ఒకటున్నది: ఈ ఫోనుకు భద్రతా నవీకరణలు ఎన్నేళ్లు వస్తాయి? 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల హామీ ఇచ్చినవి. అవి మనకు అందని ధరలు. అయితే 2024లోనే శాంసంగ్ ఏ16 5జి వంటి మధ్యతరగతి ఫోనుకు ఆరేళ్ల హామీ వచ్చినది. డిగ్రీ, ఆపై పీజీ చదవదలచినవానికి ఐదేళ్లు నడిచే వస్తువు కావాలి. కెమెరా మెగాపిక్సెళ్లకన్న ఈ అంకె ముఖ్యం.

మన కళాశాలకు ప్రత్యేకించిన పరీక్ష మరొకటి. దుకాణంలోని ఫోనులో ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం వ్రాసి చూడండి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం సందేశంగా వస్తే ఆపిల్ ఫోన్లలోని యాప్‌లు కుప్పకూలినవి. ఆ నెలలోనే కంపెనీ దానిని సరిచేసినది. ప్రపంచంలోని ఖరీదైన యంత్రం జ్ఞానం అనే మాటను మోయలేకపోయినదని స్టాఫ్‌రూములో నవ్వుకున్నాము. ఉర్దూకు అదే ఆపిల్ 2017 నుండి నస్తాలీఖ్ లిపి ఇచ్చినది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఉర్దూ నేటికీ నస్ఖ్‌లోనే కనబడుతున్నది. చదవడానికి వీలే గాని, నస్తాలీఖ్‌కు అలవాటుపడిన కంటికి అది అద్దె ఇల్లు వంటిది.

పాత ఫోను కొనడం నామోషీ కాదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, తోటి విద్యార్థి వద్ద కొన్నా, *#06# నొక్కితే వచ్చే పదిహేను అంకెల సంఖ్యను కె, వై, ఎం అనే ఆంగ్లాక్షరాల తరువాత చేర్చి 14422కు పంపి, జవాబు చూసిన తరువాతనే డబ్బు ఇవ్వండి. దొంగ సొత్తయి నిషేధానికి గురైనదా కాదా అన్నది తెలుస్తుంది.

వాయిదాల గురించి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అనే మాట వినగానే వడ్డీ లేదు కదా అని ధైర్యపడే ఇళ్లు మనలో అనేకం. వడ్డీ మనకు నిషిద్ధం గనుక ఆ మాటకు మన వీధులలో ఆకర్షణ మరింత ఎక్కువ. సున్నా శాతం వడ్డీ అనేది వాస్తవంలో లేనిదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసినది. జరిగేదేమంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంత మొత్తాన్ని ధరలో తగ్గించినట్లు చూపుతాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మన నెత్తిన పడతాయి. అప్పటికప్పుడు డబ్బిచ్చి కొనేవారికి దొరికే తగ్గింపు సైతం చాలా మార్లు మనకు దక్కదు. హలాలా హరామా అన్నది ఉలేమాను అడగవలసిన ప్రశ్న. ఖర్చు లేదన్నది మాత్రం అబద్ధం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విద్యార్థి పొదుపుగా ఉండాలని మనం చెబుతూనే, పరీక్ష రుసుము గడువును రాత్రి ఎనిమిది గంటలకు వాట్సాప్ గ్రూపులో మాత్రమే ప్రకటిస్తే, రీఛార్జి అయిపోయిన పిల్లవాడు తరగతికి వచ్చి కూడా గైరుహాజరైనట్లే. ప్రతి ప్రకటనను మునుపటి వలె గేటు ప్రక్క నోటీసు బోర్డు మీద ఉర్దూలోను తెలుగులోను అతికించాలి. గ్రంథాలయంలో వైఫై నిలకడగా పనిచేయాలి. దరఖాస్తుల నెలలలో ఆఫీసులో ఒక గుమాస్తా బల్ల మీద ప్రతి విద్యార్థి ఆధార్‌కు జతపడిన నంబరు ఇంకా బ్రతికి ఉన్నదా లేదా అని సరిచూసే జాబితా ఒకటి ఉండాలి. ఆ జాబితాను ఈ జూలైలో మొదటి సంవత్సరపు అమ్మాయిల తరగతి నుండి ప్రారంభించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఒక బల్ల, ఒక రిజిస్టరు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.