అకామా బతికించుకోవడానికే కువైట్ రావాలా?



పోయిన శుక్రవారం ఫింటాస్‌లో మన గ్రూపు వాళ్ళం కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చినాడు. రాజంపేట వైపు మనిషి, అరవై దాటినాయి. ఖాదిం వీసా. పని మానేసి రెండేళ్ళయింది, కాపురం ఊళ్ళోనే. మరి ఇక్కడికెందుకు వచ్చినావు పెద్దాయనా అంటే, "అకామా చావకుండా ఒకసారి మొగం చూపించి పోదామని" అన్నాడు. పది రోజులు ఎవరి రూములోనో పడుకుని మళ్ళీ చెన్నై ఫ్లైటు ఎక్కుతాడు. నాలుగు నెలలు తిరగకుండా మళ్ళీ రావాలి.

థాయ్‌లాండ్‌లో కాలం గడిపే తెల్లవాళ్ళు ఇట్లాంటి పని చేస్తారని విన్నాం. వీసా గడువు అయిపోయేలోపు బోర్డరు దాటి, స్టాంపు వేయించుకుని మళ్ళీ లోపలికి వస్తారు. వాళ్ళు విశ్రాంతి తీసుకునే దేశంలో ఉండడానికి తిరుగుతారు. అక్కడ యాభై దాటినవాళ్ళకి రిటైర్మెంటు వీసా కూడా ఉంది, బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపిస్తే చాలు. మన పెద్దాయనది తిరగేసిన కథ. విశ్రాంతి ఊళ్ళో, తిరుగుడు కువైట్‌కి. మనలాంటి కూలీ మనిషికి ఇక్కడ రిటైర్మెంటు వీసా అనేది లేదు. అకామా అంటే పనికి ఇచ్చిన అనుమతి. పని లేకపోతే అది వట్టి కాగితమే.

రూలు ఒకసారి సరిగా చెప్పుకుందాం, ఎందుకంటే రూముల్లో తలా ఒక మాట చెప్తున్నారు. షూన్ వీసా వాళ్ళు ఆరు నెలలకు మించి కువైట్ బయట ఉంటే అకామా పోతుంది. కరోనా టైములో ఈ రూలు ఆపినారు, తర్వాత మళ్ళీ పెట్టినారు. ఆ రోజుల్ని గుర్తుపెట్టుకుని ఇంకా "ఏం కాదులే" అనేవాళ్ళున్నారు. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, 2024లోని 114వ నంబరుది, ఖాదిం వాళ్ళకి ఇంకా బిగించింది. కఫీల్ ముందే పర్మిషన్ తీసుకుంటే తప్ప నాలుగు నెలలే. పాత ఆరు నెలల లెక్కలో ఉండి అకామా పోగొట్టుకోవద్దు. షూన్ వాళ్ళకి 2025 జులై 1 నుంచి ఎగ్జిట్ పర్మిట్ కూడా కావాలి. కంపెనీ ఒప్పుకోనిదే విమానం ఎక్కలేరు.

అరవై దాటినవాళ్ళ సంగతి చూడండి. డిగ్రీ లేని అరవై ఏళ్ళవాళ్ళకి వర్క్ పర్మిట్ రెన్యూవల్ లేదని 2021 మొదట్లో ఆపేసినారు. అదే ఏడాది అక్కడి న్యాయ సలహా శాఖ ఆ నిర్ణయం చెల్లదంది. 2022లో 250 దినార్ల ఫీజు, దానిపైన ప్రైవేటు ఇన్సూరెన్సు కడితే సరే అన్నారు. తర్వాత మళ్ళీ మారింది. ఆ ఏడాదిలోనే మన వాళ్ళు ఎంతమంది రాత్రికి రాత్రి పెట్టె సర్దుకున్నారో మహబూలా, మంగఫ్ రూముల్లో ఉన్నవాళ్ళకి తెలుసు. ఎవరో ఆఫీసులో సంతకం పెడితే మారిపోయే దానిమీద ముసలితనం కట్టుకోకూడదని మేం అనేది.

ఎందుకు వదలలేరో మాకూ తెలుసు. ముప్పై ఏళ్ళు "కువైట్ ఆయన" అని పిలిపించుకున్న మనిషికి సివిల్ ఐడీ పోతే పేరే పోయినట్టు ఉంటుంది. కొడుకు సంపాదన నమ్మకం లేదు, బిడ్డ పెళ్ళి అప్పు తీరలేదు, "ఏమో, మళ్ళీ అవసరం పడితే?" అని ఒక భయం. అక్కలదీ అంతే. బాబా ఇంట్లో పిల్లల్ని పెంచి పెద్ద చేసి, ఆ పిల్లలే "మళ్ళీ రా" అంటే కాదనలేరు. అప్పు నిజంగా ఉండి, పని నిజంగా దొరికేటట్టు ఉంటే ఉండండి. ఎవరూ తప్పు పట్టరు. కానీ పని లేకుండా, కఫీల్‌కి ఏటా డబ్బు కట్టి ఆజాద్ వీసా అని కొనుక్కునే పద్ధతి మానండి. అకామాలు అమ్మేవాడికి కొత్త చట్టంలో మూడు నుంచి ఐదేళ్ళ జైలు, 5 వేల నుంచి 10 వేల దినార్ల జరిమానా ఉన్నాయి. వాడు పట్టుబడితే వాడి పేరున ఉన్న మీ అకామా ఏమవుతుందో ఆలోచించండి. గడువు దాటి ఇక్కడే ఉండిపోతే షూన్ వాళ్ళకి మొదటి నెల రోజుకు 2 దినార్లు, తర్వాత రోజుకు 4. ఆమ్నెస్టీ వస్తుందిలే అనుకోవద్దు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చినారు. మళ్ళీ ఎప్పుడిస్తారో ఎవరి చేతిలోనూ లేదు.

ఇంకో లెక్క చాలామందికి తెలియదు. షూన్ వీసాలో నెల జీతం తీసుకునేవాళ్ళకి సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. మొత్తం మాత్రం ఏడాదిన్నర జీతానికి మించదు. 150 దినార్ల జీతంతో 20 ఏళ్ళు చేసినవాడికి, రోజు జీతం నెలలో 26వ వంతుగా చూస్తే, దాదాపు 2,680 దినార్లు వస్తాయి. గరిష్ఠం 2,700. అంటే ఇరవై ఏళ్ళు దాటినాక, జీతం పెరగకపోతే, ఇంకో ఐదేళ్ళు ఉన్నా సర్వీసు డబ్బు పెరిగేది ఇరవై దినార్లే! పదేళ్ళు దాటితే రాజీనామా చేసినా మొత్తం ఇవ్వాల్సిందే. ఖాదిం వాళ్ళకి 2015 చట్టం ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం. 120 దినార్లతో పదేళ్ళు చేసిన అక్కకి 1,200 దినార్లు రావాలి. ఎంతమంది అడిగినారు? బాబా పోయేటప్పుడు ఇచ్చిన బంగారు ఉంగరం, పాత టీవీ తీసుకుని దండం పెట్టి వచ్చేసినవాళ్ళే ఎక్కువ. ఉంగరం వాళ్ళ ప్రేమ, కాదనొద్దు. సర్వీసు డబ్బు మీ కష్టం.

ఈ డబ్బు అడగాల్సింది ఇక్కడ ఉండగానే, అకామా బతికి ఉండగానే. ఊరికి పోయినాక అకామా దానంతటదే క్యాన్సిల్ అయితే, రాజంపేట నుంచి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు? షూన్ చట్టంలో కాంట్రాక్టు అయిపోయిన ఏడాదిలోపు కేసు వేయకపోతే వినరు కూడా. అందుకే ఫైనల్‌గా పోవాలనుకున్నప్పుడు కనీసం మూడు నెలల ముందు నుంచి పని మొదలుపెట్టండి. జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు తీసుకోండి. లోనుగానీ ఫోను బిల్లుగానీ బాకీ ఉంటే కట్టేయండి, ఎయిర్‌పోర్టులో ట్రావెల్ బ్యాన్ బయటపడితే టికెట్ డబ్బు కూడా పోతుంది. డబ్బు ముట్టిందని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టే ముందు చదివించుకోండి. డబ్బు చేతికి రాకుండా సంతకం వద్దు.

మన పెద్దాయనకి ఊళ్ళో ఇంకో సంగతి కూడా ఉంది. ఆంధ్రాలో అరవై దాటిన అర్హులకి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, ఇంటికి తెచ్చి చేతికిస్తారు. ఈ తిరుగుడులో ఆయన ఇంతవరకు అప్లికేషనే పెట్టలేదు. "ఈసారి పోయి పెడతా" అన్నాడు. బాబాతో మాట్లాడి సర్వీసు డబ్బు లెక్క తేల్చుకునేదాకా టికెట్ వెనక్కి జరుపుకున్నాడు. మనవాళ్ళు ఇద్దరు ఆయనతో పోతున్నారు.

యాభై ఐదు దాటినవాళ్ళు ఎవరైనా వచ్చే శుక్రవారం అస్ర్ నమాజు తర్వాత సివిల్ ఐడీ, కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఫింటాస్‌కి రండి. మీకు ఎంత రావాలో కూర్చుని లెక్క వేద్దాం. అరబ్బీ చదవగలిగిన తమ్ముడు ఒకడు ఉంటాడు. ఫోనులో మెసేజి చూడలేని పెద్దవాళ్ళు మీ రూములో ఉంటే ఇది చదివి వినిపించండి.