అద్దె ఇళ్లకూ ఇంధన పొదుపు పత్రం అవసరం

మొగల్తూరు: ఫ్రిజ్ కొనేవారు దానిపై ఉన్న నక్షత్రాలను చూసి ఎంపిక చేసుకుంటున్నారు. ఇల్లు అద్దెకు తీసుకునేవారికి అటువంటి ఆధారం లేదు. అద్దె, అడ్వాన్సు, మంచినీటి వసతి విచారించి ఇంట దిగుతారు. శ్లాబు ఎంత వేడెక్కుతుందో వేసవి కరెంటు బిల్లు వచ్చిన తరువాతనే తెలుస్తుంది.

కట్టడం ఖర్చు యజమానిది, బిల్లు అద్దెదారునిది. చిక్కు ఇక్కడే ఉంది. కప్పుకు తెల్లసున్నం వేయించినా, కిటికీలకు సన్‌షేడ్లు పెట్టించినా లాభం అద్దెదారునికే గనుక యజమానికి తొందర ఉండదు. తనది కాని ఇంటిపై అద్దెదారుడు సొమ్ము వెచ్చించడు. సముద్రతీర మండలమైన మొగల్తూరులో గాలిలో తేమ అధికం. పగలంతా కాగిన శ్లాబు రాత్రివేళ ఆ వేడిని గదిలోకి విడుస్తుంది. ఫ్యానుతో ఉక్క తీరదు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుందన్నది విదితమే.

2014లో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదట చేపట్టిన జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. అయితే ఇల్లు మారేవారు బల్బును వెంట తీసుకుపోగలరు, కప్పును తీసుకుపోలేరు.

నివాస భవనాల కోసం కేంద్రం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహితను వెలువరించింది. కప్పు ద్వారా, గోడల ద్వారా లోనికి వచ్చే వేడికి అందులో పరిమితులు ఉన్నాయి. అయితే అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే భవనాలకు ఉద్దేశించినది. 2019లో వచ్చిన ఇళ్ల స్టార్ లేబుల్ స్వచ్ఛందం. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఇంధన పరిరక్షణ సవరణ చట్టం నివాసాలనూ పరిధిలోకి తెచ్చినా, 100 కిలోవాట్ల లోడును ప్రాతిపదికగా తీసుకుంది. ఈ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉంది. కొద్ది కిలోవాట్ల లోడు గల పల్లెటూరి అద్దె వాటాకు ఇవేవీ అందవు.

ఇంగ్లాండు, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి, కొన్ని మినహాయింపులతో, పత్రంలో ‘ఈ’ కంటే తక్కువ శ్రేణి వచ్చిన ఇంటిని కొత్తగా అద్దెకు ఇవ్వరాదు. అక్కడి బాధ చలి. ఆ కొలతలను యథాతథంగా తెచ్చుకుంటే డెల్టా ప్రాంతానికి ఉపకరించవు. ఇక్కడ ముందుగా కొలవవలసినది కప్పును. ఖర్చును యజమాని అద్దెలో కలుపుతాడన్న భయం నిరాధారం కాదు. అయినా సున్నం పూతకయ్యే వ్యయం స్వల్పమే.

పత్రం వచ్చేలోగా, ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఏప్రిల్, మే నెలల పాత బిల్లులు చూపమని అద్దెదారులు అడగవచ్చు. పాత కాపురం వారి వాడకం వేరైనప్పటికీ కొంత అంచనా దొరుకుతుంది.