ఒక అయస్కాంతం, ఒక నిమ్మచెక్క, ఒక నిటారు కర్ర

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "పాఠానికి తగిన కృత్యాలు ఎక్కడ దొరుకుతాయండీ?" ప్రశ్న మంచిదే. వెతికే చోటు మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం. అంతర్జాలంలో గాలిస్తే వేలకొద్దీ పత్రాలు దిగుతాయి. వాటిలో మేపుల్ ఆకులుంటాయి, మంచుబొమ్మలుంటాయి, మన కిరాణాకొట్టువాడు పేరైనా వినని పొడులుంటాయి. అది వద్దనుకుంటే బజారులో థర్మోకోల్ అగ్నిపర్వతం తయారుగా దొరుకుతుంది. పిల్లవాడు దానిమీద తన పేరు వ్రాసి బడిలో అప్పగిస్తాడు. మార్కులు వస్తాయి, సైన్సు రాదు.

విశాఖపట్నంలో ఉంటూ, ఆదివారాలు మా వీధి పిల్లలను నలుగురైదుగురిని కూర్చోబెట్టుకొని సైన్సు ముచ్చట్లు చెబుతుంటాను గనుక, ఈ విషయంలో నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాను. మా ఊరి సంగతే వ్రాస్తున్నా, మీ ఊరికి తగినట్టు మార్చుకొని చదువుకోండి.

ఆరవ తరగతిలో మిశ్రమాలను వేరుచేయడం అనే పాఠం ఉంటుంది. ఇసుకలో ఇనుపరజను కలిపి అయస్కాంతంతో తీయమంటుంది పుస్తకం. మా ఊళ్ళో ఎవరూ కలపనక్కరలేదు, సముద్రమే కలిపి పెట్టింది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, భీమిలి వైపు తీరంలో ఇసుక నల్లగా చారలు కట్టిన చోట తిప్పితే గింజలు మీసాల్లా లేచి అంటుకుంటాయి. గట్టిగా పట్టుకునేది మాగ్నటైటు. నల్లగా ఉండి కూడా బలహీనంగా మాత్రమే స్పందించేది ఇల్మనైటు. ఎర్రగా మెరిసే గింజలు గార్నెట్టు. "ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి?" అని అడగకుండా ఉండే పిల్లవాడు అరుదు. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్ళలో గార్నెట్టు ఉంటుంది. ఎండకూ వానకూ ఆ రాయి శిథిలమై, ఏళ్ళకేళ్ళు వాగుల్లో దొర్లి, కెరటాల చేత జల్లెడ పట్టబడి ఇక్కడ తేలింది. వేరుచేయడం అన్న పాఠంలోంచి భూగర్భశాస్త్రంలోకి మనం తోవ చూపకుండానే పిల్లలు నడిచి వెళతారు.

అదే తీరంలో ఏరిన గవ్వపెంకు మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వస్తాయి. వెనిగర్ అయితే ఇంకా బాగా కనిపిస్తుంది. ఇంతకు మించిన ఆమ్లమేదీ పిల్లల చేతికి ఇవ్వనక్కరలేదు. గవ్వలో ఉన్నదీ, బొర్రా గుహల సున్నపురాయిలో ఉన్నదీ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేటు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు బొర్రాలో ఆ రాతిని కరిగించి, చుక్కచుక్కగా తిరిగి పేర్చింది. ఇక్కడితో ఆగనక్కరలేదు. మన ఉక్కు కర్మాగారానికి జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి గనులున్నాయి. ఇనుము చేయడానికి సున్నం ఎందుకు? బైలడిల్లా నుండి వచ్చే ఖనిజంలో ఇనుము ప్రాణవాయువుతో ముడిపడి ఉంటుంది. కోకు మండి ఆ ముడిని విప్పుతుంది. మిగిలిన మట్టీ మశానాన్ని సున్నం పట్టుకొని లోహమలంగా వేరుచేస్తుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఆ మూడు కొలుముల్లో జరిగే పని ఇదే.

నన్ను బాధించే విషయం ఇక్కడే ఉంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ నినాదం తెలియని పిల్లవాడు మా ఊళ్ళో ఉండడు. తండ్రి ఆ కొలిమి దగ్గరే పనిచేస్తున్నా, ఖనిజం ఇనుముగా ఎలా మారుతుందో మాత్రం వాడికి తెలియదు. 'కరోషన్' నిర్వచనం బట్టీ పడతాడు. తన ఇంటి కిటికీ ఊచలకు ఏడాది తిరక్కుండానే పట్టే తుప్పు అదేనని ఎవరూ చెప్పరు. మూడు గాజుగ్లాసుల్లో మూడు మేకులు వేసి, ఒకదానిలో మంచినీరు, ఒకదానిలో సముద్రపునీరు, ఒకదానిలో కాచి చల్లార్చి పైన నూనె పోసిన నీరు ఉంచి వారం ఆగితే, ఆ పాఠం వాడికి జన్మలో మరుపురాదు.

ఇక రేవు. 1933లో మొదలైన ఓడరేవు కోసం రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా వేశారు. మా తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణం నుండి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. దారిలో అడ్డం వస్తే అడ్డానికి ఇవతల పేరుకుంటుంది, అవతల తీరం కోసుకుపోతుంది. డాల్ఫిన్స్ నోస్ దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి రామకృష్ణా బీచిలో పోయడం అందుకే. వెడల్పాటి పళ్ళెంలో ఇసుక, నీళ్ళు, అడ్డుగా ఒక చెంచా, ఏటవాలుగా అలలు పుట్టించడానికి ఒక అట్టముక్క ఉంటే ఇదంతా కళ్ళముందు జరుగుతుంది. ఆ బీచిలోనే 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి ఉంది. టిక్కెట్టు కొని లోపల ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఇంటికొచ్చాక నీళ్ళు నిండిన సీసాలో ఒక డ్రాపరు వేసి, మూత బిగించి నొక్కి చూపితే, అంత బరువైన ఓడ మునగడమూ తేలడమూ ఎలా సాధ్యమో అర్థమవుతుంది.

నిటారు కర్ర మాటకు వద్దాం. భారత ప్రామాణిక కాలాన్ని లెక్కించే రేఖాంశం మాకు కొద్ది దూరంలోనే పోతుంది గనుక, గడియారపు పన్నెండుకూ సూర్యుడి మధ్యాహ్నానికీ ఇక్కడ ఎక్కువ తేడా ఉండదు. మే రెండవ వారంలో ఒకరోజు, ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు నడిమధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. మేలో బడులు ఉండవు, ఆగస్టులో మబ్బులు. అయినా ఏడాది పొడవునా నెలకొకసారి నీడను కొలిచి గోడమీద గీత గీస్తే చాలు. సూర్యుణ్ణి నేరుగా చూడనక్కరలేదు, చూడకూడదు కూడా. ఈ ఊరికి ఇది కొత్త విద్య కాదు. గోడె వెంకట జగ్గారావుగారు 1840లోనే డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల నెలకొల్పారు. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఇక్కడినుండే పరిశీలించారు.

"ఇవన్నీ వినడానికి బాగుంటాయి, సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?" అని ఉపాధ్యాయ మిత్రులు అంటారు. వారి ఇబ్బంది నిజమైనది. ఆరవ తరగతి నుండే ఐఐటీ ఫౌండేషన్ పేరిట బహుళైచ్ఛిక ప్రశ్నలు రుద్దుతున్న రోజుల్లో, ఇసుకలో ఆడించడానికి ఏ యాజమాన్యం ఒప్పుకుంటుంది? కృత్యాల కొరత అసలు కొరత కాదని నేననడం ఇందుకే. యునెస్కో వారి విజ్ఞానబోధన ఆకరగ్రంథం 1956లోనే వచ్చింది. చవక వస్తువులతో చేసే ప్రయోగాలు అందులో వందలున్నాయి. అగ్గిపుల్లలతో, సైకిలు వాల్వుట్యూబుతో అరవింద్ గుప్తా చేసిన బొమ్మల పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. జన విజ్ఞాన వేదిక వారి 'చెకుముకి' పత్రిక మనందరికీ తెలిసినదే. కొరత పరీక్షలో ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు చెప్పే కార్యక్రమం మొదలైంది. దానిని నడిపినవారు పాఠాన్ని మార్చి ఊరుకోలేదు, పరీక్షనూ మార్చారు. పుస్తకం దగ్గర పెట్టుకొని వ్రాయవచ్చు, ప్రయోగం చేసి చూపాలి. వందలాది బడులకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం నిలిపివేసింది. ముప్ఫయ్యేళ్ళు నడిచిందన్న సంగతి మాత్రం మిగిలింది. సామాన్యమైన బడుల్లో, సామాన్యమైన ఉపాధ్యాయులతోనే నడిచింది.

ఇంత పట్టుదల ఎందుకని అడుగుతారేమో. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ప్రాణాలు తీసింది. జనం నిద్రలోంచి లేచి తోచిన దిక్కుకు పరుగెత్తారు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారున పాకుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకొని, దానికి అడ్డంగా తప్పుకోవాలి. ఇది తెలిసినంత మాత్రాన ఆ రాత్రి అందరూ బతికేవారని అనను. తప్పు ప్రజల తెలియనితనానిది అసలే కాదు. కానీ కర్మాగారాల మధ్య పెరిగే పిల్లలకు ఈ రెండు ముక్కలు ఎనిమిదో తరగతి లోపు అందవలసిన హక్కు కాదా? గ్లాసులో కాస్త వంటసోడా మీద వెనిగర్ పోసి, పుట్టిన వాయువును వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి నీళ్ళలా వంచితే దీపం ఆరిపోతుంది. కంటికి కనబడని వాయువు బరువుగా కిందికి ప్రవహిస్తుందని చెప్పడానికి అంతకంటే ఖర్చు లేదు. ఆ పూట అగరుబత్తి పొగ ఎటు పోతోందో కూడా చూపండి.

కనుక తోటి బ్లాగరులకు నా విన్నపం ఇది. కృత్యాలను అనువదించి పోగుచేయడం కంటే, మీ ఊరి మట్టి, చెరువు, మిల్లు, కొండ ఆధారంగా ఒక్క ప్రయోగాన్ని స్వయంగా చేసి చూసి టపా వ్రాయండి. వస్తువులకు మీ కొట్టులో పిలిచే పేర్లే పెట్టండి. ఏమి జరిగిందో, ఏమి జరగలేదో రెండూ చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, అది చూసి పిల్లలు ఏమి అడిగారో వాళ్ళ మాటల్లోనే వ్రాయండి. గోదావరి ఒండ్రు గురించి, సింగరేణి బొగ్గు గురించి, తాండూరు బండల గురించి చదవాలని నాకు ఆశగా ఉంది. మీరు వ్రాస్తే మా వీధి పిల్లలకు చదివి వినిపించే పూచీ నాది.