మురుగుకాలువయు విద్యార్థియు

మన కృష్ణా పశ్చిమ డెల్టాకు కాలువలే ప్రాణాధారము. 1855వ సంవత్సరమున విజయవాడయొద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ సీమ మాగాణి యయ్యెను. అయితే పొలమునకు నీరు దెచ్చు కాలువను మనము తల్లివలె జూతుము. పొలమునుండి నీరు గొనిపోవు మురుగుకాలువను పరాయిదానివలె జూతుము. కర్లపాలెమువంటి సముద్రసమీప గ్రామములలో ఈ పక్షపాతమునకు రైతు చెల్లించు మూల్యము గొప్పది. ఇచ్చట నేల పల్లము, వాలు స్వల్పము. కార్తీకమాసమున వాయుగుండము పట్టునాటికి వరి వెన్ను వంచియో, కోతకు వచ్చియో యుండును. మురుగు పారకున్నచో ఏడాది కష్టము కొలది దినములలో నీటిపాలగును.

ఈ కాలువల నరికట్టువానిలో ముఖ్యమైనది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికాఖండమున బుట్టిన ఈ మొక్క, తన ఊదాపూల సొగసుచే మనుష్యులను మోసపుచ్చి లోకమంతట వ్యాపించినది. కాడలలో గాలి నిండియుండుటచే నీటిపై తేలును. పిలకవెంట పిలక వేయును. దాని విత్తనములు బురదలో ఏండ్లతరబడి జీవించియుండును. మనము పారవైచు ప్లాస్టికు సంచులు దాని వేళ్ళలో జిక్కుకొని కట్టకు కట్ట యగును.

ఇట్టి కాలువలను కళాశాల విద్యార్థులు స్వచ్ఛందముగా శుభ్రపరచుట మిక్కిలి యుచితమని నా యభిప్రాయము. గాంధీ శతజయంతి సందర్భమున 1969 సెప్టెంబరు 24వ తేదీని ప్రారంభమైన జాతీయ సేవా పథకము, రెండేండ్లలో 240 గంటల సేవను విద్యార్థినుండి కోరుచున్నది. చదువు చేతులకును జెందినదని దాని భావము.

"మా పిల్లవానిని చదువుటకు బంపితిమి గాని మురుగు తోడుటకు గాదు" అని కొందరు తలిదండ్రు లందురు. అట్లయిన నా పని యెవరి పిల్లవాడు చేయవలెను? తరతరములుగా మనము దానిని కొన్ని కులములవారి నెత్తిన బెట్టి, పైగా వారినే యేవగించుకొంటిమి. మలమును చేతితో నెత్తించుటను 2013వ సంవత్సరపు చట్టము నిషేధించినది. చట్టము పనిని మాన్పగలదు గాని మనస్సులోని యేవగింపును మాన్పజాలదు. పుస్తకము పట్టిన చేయి పార పట్టిననాడు అది కొంత తగ్గును.

"ఒకదినము తీసినంత మాత్రమున నేమి? మరల మొలచును గదా" అనునది రెండవ యాక్షేపణ. ఇది నిజము. దీనికి సమాధానము కృష్ణ కావలియొడ్డున నున్న చల్లపల్లిలో గలదు. అచ్చట 2014 నవంబరునుండి గ్రామస్థులు తెల్లవారకముందే లేచి తమ వీధులను తామే శుభ్రపరచుకొనుచు వచ్చిరి. వారి బలము సంఖ్యలో గాదు, నిత్యత్వములో నున్నది.

కావున ఒక్కొక్క విద్యాలయము కాలువలో ఒక్కొక్క భాగమును దనదిగా నెంచుకొని, వానలకు ముందొకసారి, ఆశ్వయుజమున మరొకసారి పని చేయవలెను. గుర్రపుడెక్కను పూయకముందే తీసి, గట్టుకు దూరముగా గోతిలో వైచి ఎరువు గావింపవలెను. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, వెంట పెద్దలు లేనిదే ఎవ్వరును దిగరాదు. చిన్నపిల్లలు గట్టుమీది పనికే పరిమితులు గావలెను. పూడిక తీయుట యంత్రముల పని. ఆ బాధ్యత ప్రభుత్వశాఖదే. తమ భాగమును జక్కగా నుంచుకొన్న విద్యార్థులు తక్కిన దానికై అధికారులకు అర్జీ వ్రాసినచో, ఆ యర్జీకి బరువుండును.

తలిదండ్రులారా, మీరు చేయవలసినది ఇంతకంటె సులభము. మీ యింటి చెత్తసంచి రేపు కాలువలో పడకుండ జూడుడు. మీరు వేసినదానినే మీ బిడ్డలు తీయవలసివచ్చుట న్యాయము గాదు.