హారీతికి గుడి కట్టాం, మరి పుట్టకు?



సెలవుల్లో నాగార్జునసాగర్ వెళ్తే, మాచర్ల వైపు ఒడ్డున ఉన్న అనుపు దగ్గర కూడా ఆగండి. వీలైతే నాయనమ్మనో అమ్మమ్మనో వెంట తీసుకెళ్లండి. పిల్లలకు హారీతి గుడి చూపించండి.

హారీతి ఒక యక్షిణి. బౌద్ధ కథల్లో ఆమె మొదట ఊరి పిల్లల్ని ఎత్తుకెళ్లి తినేది. బుద్ధుడు ఆమె చిన్నబిడ్డను దాచాడు. బిడ్డ కోసం అల్లాడిపోయాక ఆమెకు మిగతా తల్లుల కడుపుకోత తెలిసింది. అప్పటినుంచి పిల్లలను కాచే తల్లి అయింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, ఆమెకు గుడి ఉండేది. సాగర్ ఆనకట్టతో ఆ లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. అలా ఇల్లు పోయిన యక్షిణికి మళ్లీ ఇల్లు దొరికింది.

మరి మన ఇళ్ల పక్కన? నరసరావుపేట అయినా, గురజాల అయినా, ఊరి అంచు పొలం ప్లాట్లు అయితే ముందు పోయేవి పుట్ట, వేపచెట్టు. నాగుల చవితి నాడు చలిమిడి, చిమ్మిలి పట్టుకుని పుట్ట కోసం వెతుక్కునే ఇళ్లు ఎన్నో!

"ఇవన్నీ మూఢనమ్మకాలు, చదువు పాడవుతుంది" అని కొందరు అనుకోవచ్చు. పుట్ట కట్టేది చెదపురుగులని, పాము పాలు తాగదని మా సైన్స్ టీచర్లు చెప్పేదే నిజం. కానీ ఆ పాము పొలంలో ఎలుకలను తింటుందన్నదీ సైన్సే. పుట్టలో నాగన్న ఉన్నాడంటే దాని మీద ఎవరూ గునపం వేయలేదు. చెట్టులో అమ్మవారు ఉందంటే గొడ్డలి ఎత్తలేదు. పెద్దవాళ్ల భయభక్తులే వాటికి కాపలా. ఆ కాపలా తీసేశాం. దాని బదులు పిల్లలకు ఏమిచ్చాం?

నా మాట ఒక్కటే. ఒక ఆదివారం ట్యూషన్ మాన్పించి, పిల్లలను నాయనమ్మతో వీధుల్లోకి పంపండి. ఏ చెట్టుకు ఏ పేరు, ఏ పుట్ట ఎక్కడ ఉండేది, ఇప్పుడు అక్కడ ఏముంది అన్నీ అడిగి, ఒక మ్యాప్ గీయమనండి. మిగిలిన వాటిని కాపాడమని ప్లాట్ల యజమానులను మీరు అడగండి. మీకే ఖాళీ స్థలం ఉంటే, ప్రహరీ నాలుగు అడుగులు వెనక్కి జరిపి పుట్టను వదిలేయండి. పోయిన వేపచెట్టుకు బదులు ఒక మొక్కను ఆ పిల్లల చేతే నాటించండి.

ఆ మ్యాప్ క్లాస్ టీచర్‌కు పంపండి. దానికి మార్కులు ఉండవు. కానీ నాయనమ్మ చెప్పగలిగినప్పుడే అడగాలి.