నాలుగు ప్రాసెసర్లు, పద్నాలుగు మందిమి: పంచుకోవడం మనకు కొత్తా?



పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మా మాట ముందే చెప్పేస్తాం. ఒక్క కంప్యూటర్ మీద పది మందిమి ఆధారపడే మనలాంటోళ్లకే ఆ నల్ల స్క్రీన్, అంటే టెర్మినల్, అందరికంటే ఎక్కువ అవసరం. అది సాఫ్ట్‌వేర్ వాళ్ల వ్యవహారం అని వదిలేయడం మనకే నష్టం.

మా హాస్టల్లో డిగ్రీ కంప్యూటర్స్ చదివేవాళ్లం పద్నాలుగు మందిమి ఉన్నాం. సీనియర్లు వదిలెళ్లిన పాత మెషీన్ ఒకటి ఉంది, అందులో లినక్స్ వేసుకున్నాం. రోజూ జరిగేది ఒకటే. ఒకరు ప్రాజెక్ట్ ప్రోగ్రాం రన్ చేసి అన్నానికి వెళ్తారు. అది నడుస్తుండగానే ఇంకొకరు కూర్చుని స్కాలర్‌షిప్ ఫారం తెరుస్తారు. పేజీ కదలదు. చివరి తేదీ దగ్గరపడి ఉంటుంది. వచ్చిన కోపానికి ఆ ప్రోగ్రాంని ఆపేస్తారు. మూడు గంటల పని పోయిందని మొదటివాళ్లు గొడవకి దిగుతారు. ఇది మా ఒక్క హాస్టల్ సంగతే అనుకోవడం లేదు.

ఈ గొడవకి మందు కొత్త కంప్యూటర్ ఒక్కటే కాదు. అది వచ్చేదాకా ఉన్నదాన్ని సరిగ్గా పంచుకోవచ్చు.

ముందు మన దగ్గర ఏముందో చూసుకోవాలి. టెర్మినల్లో ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో ఎల్ ఎస్ సీ పీ యూ అని కలిపి కొడితే ప్రాసెసర్ జాతకం మొత్తం వస్తుంది. ఎన్ని ఉన్నాయి, అందులో ఎన్ని ఇప్పుడు పనిలో ఉన్నాయి అన్నీ ఉంటాయి. ఒక్క విషయం గమనించండి. కొన్ని మెషీన్లలో నాలుగు అని చూపిస్తుంది, కానీ లోపల నిజంగా ఉండేవి రెండు కోర్లే. ఒక్కో కోర్ రెండు పనుల్ని కలిపి నడుపుతుంది కాబట్టి నాలుగుగా లెక్క కడతారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు షాపతను నాలుగు అంటే ఈ కమాండ్ కొట్టి చూడండి.

తర్వాత టాప్ అని కొడితే ఏ ప్రోగ్రాం ఎంత తింటుందో కనిపిస్తుంది. ఫ్రీ అని కొడితే మెమరీ లెక్క వస్తుంది. మెమరీ నిండిపోయి మెషీన్ నిలబడితే ప్రాసెసర్ని ఎంత సర్దినా లాభం లేదు, అక్కడ తెరిచి ఉంచినవి కొన్ని మూసేయాల్సిందే.

ఇప్పుడు పంచే సంగతి. మొదటిది నైస్. మైనస్ 20 నుంచి 19 దాకా ఒక అంకె ఇవ్వచ్చు. అంకె పెరిగే కొద్దీ ఆ ప్రోగ్రాం వెనక్కి జరిగి పక్కవాళ్లకి దారిస్తుంది. ఆగిపోదు, ఖాళీ దొరికినప్పుడల్లా నడుస్తూనే ఉంటుంది. మాకు బాగా నచ్చిన రూల్ ఇందులోనే ఉంది. మామూలు యూజర్ ఎవరైనా తన వంతు తగ్గించుకోవచ్చు. ఇంకొకరిని వెనక్కి నెట్టి ముందుకి రావాలంటే మాత్రం రూట్ పాస్‌వర్డ్ కావాలి. ఇచ్చేదానికి అనుమతి అక్కర్లేదు, లాక్కునేదానికే కావాలి.

రెండోది టాస్క్‌సెట్. నాలుగు ప్రాసెసర్లకి 0, 1, 2, 3 అని నంబర్లుంటాయి, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మన ప్రోగ్రాంని మొదలుపెట్టేటప్పుడే సున్నా, ఒకటి మీద మాత్రమే నడవాలని కట్టేయొచ్చు. మిగతా రెండూ పక్కవాళ్లకి ఖాళీగా ఉంటాయి.

మూడోది అసలు ప్రాసెసర్నే పనిలోంచి తప్పించడం. సీ హెచ్ సీ పీ యూ అనే కమాండ్‌కి మైనస్ డి, నంబర్ ఇస్తే అది ఆఫ్‌లైన్ అవుతుంది, మైనస్ ఇ ఇస్తే మళ్లీ వస్తుంది. దీనికి రూట్ అధికారం కావాలి. హాస్టల్ వంటింట్లో నాలుగు పొయ్యిల్లో ఒకటి ఆర్పేస్తే దాని మీద గిన్నెని పక్క పొయ్యి మీదకి మార్చినట్టు, నడుస్తున్న పనుల్ని లినక్స్ తనే మిగతావాటి మీదకి మారుస్తుంది. మనం వాడే మెషీన్లలో చాలావరకు సున్నా నంబర్‌ది మాత్రం ఆపనివ్వదు. రీబూట్ చేస్తే అన్నీ మళ్లీ పనిలోకి వస్తాయి, కాబట్టి మెషీన్ పాడవుతుందని భయం అక్కర్లేదు. తక్కువ ప్రాసెసర్లున్న మెషీన్లో మన ప్రోగ్రాం ఎలా నడుస్తుందో పరీక్షించడానికి ఇది బాగా పనికొస్తుంది. కరెంటు ఆదా అవుతుందని మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, పని లేని ప్రాసెసర్ ఎలాగూ చాలావరకు నిద్రలోనే ఉంటుంది.

అందుకే మా అభిప్రాయం, మొదట నైస్, తర్వాత టాస్క్‌సెట్. ఆఫ్‌లైన్ చేయడం పంపకానికి పనికిరాదు. నాలుగు పొయ్యిలకే వంట ఆలస్యమవుతుంటే ఒకటి ఆర్పి ఏం లాభం?

"ఇవన్నీ మనకెందుకు, డేటా ఎంట్రీ ఉద్యోగానికి టైపింగ్ వస్తే చాలు కదా" అనేవాళ్లు ఉన్నారు. మన పిల్లలకి కంప్యూటర్ అనగానే టైపింగ్ సర్టిఫికెట్ దగ్గరే ఎందుకు ఆపుతారని మేము అడుగుతున్నాం. ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. దాన్ని 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అప్పటికి ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న 21 ఏళ్ల స్టూడెంట్. మన పాత మెషీన్లో కొట్టిన కమాండ్లే పెద్ద సర్వర్లలోనూ పనిచేస్తాయి.

"ఇంగ్లీష్ రాదు" అనేవాళ్లకి ఒక మాట. మనం ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్ నేర్చుకున్నోళ్లం. ఇది నాలుగోది, అంతే. పైగా దీనికి యాస లేదు. తప్పు కొడితే తప్పని చెప్తుంది గానీ నవ్వదు.

ఇక అసలు సంగతి, రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి? ఒక్కరి దగ్గరే ఉంటే మెషీన్ వాళ్లదే అయిపోతుంది. పద్నాలుగు మందికీ ఇచ్చేస్తే ఎవరి పని ఎవరు ఆపారో తెలియదు. మన ఊళ్ల విషయం గ్రామసభలో తేలాలని 1996లో పెసా చట్టం వచ్చింది. గ్రామసభని అడగకుండా తీర్మానాలు రాస్తే మనం ఊరుకోం. మరి మన గదిలో మెషీన్ విషయంలో మాత్రం ముందు కూర్చున్నవాడిదే రాజ్యమా?

మేము అనుకున్నవి ఇవి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, సెమిస్టర్‌కోసారి మారాలి. గంటకి మించి నడిచే పని ఏదైనా నైస్ 19తోనే మొదలవ్వాలి. ఫీజు, స్కాలర్‌షిప్, పరీక్ష ఫారాలకే ముందు వరస. ఎవరి ప్రోగ్రాం అయినా వాళ్లని అడగకుండా ఆపకూడదు. ఇవి కాగితం మీద రాసి గోడకి అంటించాలి, అందరూ సంతకం పెట్టాలి.

మెషీన్లు ఎక్కువ కావాలని అడగడం ఆపమని మేము అనట్లేదు. గట్టిగా అడుగుదాం. అడిగేటప్పుడు "స్లోగా ఉంది సార్" అంటే పక్కన పెట్టేస్తారు. "నాలుగు ప్రాసెసర్లు, పద్నాలుగు మందిమి, పరీక్షల నెలలో నాలుగూ రోజంతా నిండిపోతున్నాయి" అని టాప్ చూపించిన లెక్కతో అర్జీ రాస్తే జవాబు చెప్పక తప్పదు.

మీ హాస్టల్లో ఎన్ని మెషీన్లున్నాయి, ఎంతమంది వాడుతున్నారు, ఎలా పంచుకుంటున్నారో రాయండి. అన్ని హాస్టళ్ల లెక్కలు ఒకచోట చేరితే అర్జీ కూడా ఒక్కటిగానే పెడదాం.

జై ఆదివాసీ.