పుట్టింటికి గర్భిణి వస్తోంది.. రక్తపోటు లెక్క రావడం లేదు

మచిలీపట్నం: గుడివాడ పక్క పల్లెల్లోనైనా, దివిసీమలోనైనా తొలిచూలు ఆడపిల్లను ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకురావడం ఆనవాయితీ. గర్భిణులకు వచ్చే రక్తపోటు జబ్బు ముదిరేదీ ఆ నెలల్లోనే. అదీ తొలి కాన్పు వారిలోనే ఎక్కువ. అత్తవారి ఊళ్లో నర్సమ్మ కొలిచి రాసిన అంకెలు కార్డుతోపాటు అక్కడే ఉండిపోతే, ఇక్కడి నర్సమ్మ మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.

ఈ లోపం చిన్నదేమీ కాదు. గర్భం మధ్య నెలల్లో హార్మోన్ల ప్రభావంతో రక్తనాళాలు సడలి, రక్తపోటు కొంత తగ్గడం సహజం. నెలలు నిండేకొద్దీ మామూలుకు వస్తుంది. అయిదో నెలలో 100/60 ఉన్న మనిషికి ఎనిమిదో నెలలో 136/88 ఉంటే, పాత లెక్క చూసినవారు నాలుగు రోజుల్లో మళ్లీ రమ్మంటారు. చూడనివారు 140/90 దాటలేదు గదా అని పంపేస్తారు.

జబ్బుకు మూలం మాయలో ఉంది. మాయకు రక్తం చాలనప్పుడు అది ఒక ప్రోటీనును అతిగా వదులుతుంది. రక్తనాళాలను పోషించే హార్మోను వంటి పదార్థాన్ని ఆ ప్రోటీను పట్టేస్తుంది. డాక్టర్ అనంత్ కరుమంచి బృందం బోస్టన్‌లో 2003లో ఈ గుట్టు విప్పింది. ఈ రెండింటి పాళ్లు చూసే రక్తపరీక్షకు అమెరికా 2023లో అనుమతి ఇచ్చింది. దానికోసం మన పల్లెలు ఎదురుచూడనక్కరలేదు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూడటం, మూత్రంలో ప్రోటీను చూడటం సబ్‌సెంటరులోనే అయ్యే పని.

కాళ్లకు నీరు పట్టడం మామూలేనని పెద్దలంటారు. కాళ్ల వరకు అది చాలామందిలో నిజమే. ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి మాత్రం మామూలు కావు. వాటి వెనుక వచ్చే ఫిట్సునే పాతతరం గుర్రపువాతం అంది. ఉప్పు మానేస్తే ఈ జబ్బు రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. కాల్షియం మాత్రలు మాత్రం పనికొస్తాయి. పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు ఇవ్వాలన్నది 2014 నాటి కేంద్ర మార్గదర్శకం. వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగరాదు.

ఫిట్సు వచ్చాక దూరమే శత్రువు. ఎదురుమొండి వంటి లంక గ్రామాలవారు ఏరు దాటడానికి దశాబ్దాలపాటు పంటునే నమ్ముకున్నారు. కోడూరు, నాగాయలంకల నుంచి అవనిగడ్డకు, అక్కడినుంచి బందరుకు రావాలి. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషమే. అయితే అక్కడికి చేరేలోపు జరగాల్సినది ఒకటుంది. మెగ్నీషియం సల్ఫేటు ఇంజక్షను ఫిట్సు ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లో అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ధర కూడా తక్కువే. మొదటి మోతాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేసి పంపాలి.

కోడలిని పుట్టింటికి పంపే అత్తగారు చీరల పెట్టెలో ముందుగా తల్లీబిడ్డల కార్డు పెట్టాలి. ఆ ఊరి ఆశా కార్యకర్త ఈ ఊరి కార్యకర్తకు ఒక్క ఫోను చేస్తే చాలు. వచ్చిన వారంలోనే రక్తపోటు చూపించాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు 2016 నుంచి అమలులో ఉన్నాయి. కాన్పు కాగానే కార్డు అటక ఎక్కించరాదు. ఫిట్సు పురిటి రోజుల్లోనూ వస్తాయి.